కింద పెట్టని గిన్నె

మా మాదబాలో సలీబా కాఫీ దంచుతుంటే ఆ రోటి చప్పుడుకు రాజధాని అమ్మాన్‌లో మంత్రులు ఉలిక్కిపడి నిద్రలేచేవారని నేను చాలామందికి చెప్పాను. మాదబాకీ అమ్మాన్‌కీ మధ్య బస్సులో గంట ప్రయాణం. నమ్మినవాళ్ళు నమ్మారు, మిగతావాళ్ళు నా ఖర్చుతో టీ తాగి వెళ్ళిపోయారు. ఇప్పుడు చెప్పేదానికి మాత్రం నేను ఉప్పూ కారం కలపలేదు. కొంత సలీబా చెప్పాడు, కొంత నా కళ్ళతో చూశాను.

సలీబా, నేను లాటిన్ మఠం బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. సిస్టర్ క్లెమాన్స్ ఫ్రెంచి పాఠం చెబుతుంటే వీడు బల్ల మీద వేళ్ళతో దరువు వేసేవాడు. ఆవిడ వచ్చి స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. ఆ దెబ్బను కూడా దరువులో కలుపుకొని ముందుకు సాగిపోయేవాడు. చివరికి ఆవిడే విసిగిపోయి, "నీ వేళ్ళలో సైతాను కూర్చున్నాడురా, వాడికేదైనా పని చూపించు" అంది. నాన్న పోయాక సలీబా బడి మానేసి, ఆయన వదిలివెళ్ళిన నల్లటి చెక్క రోలు ముందేసుకుని కూర్చున్నాడు. సైతానుకు పని దొరికింది.

అప్పటినుంచి ఊళ్ళో పెళ్ళయినా, చావయినా కాఫీ సలీబాదే. గింజలు పెనం మీద వేయించి, ఏలకులు కలిపి, రోట్లో వేసి దంచేవాడు. పెళ్ళికి దంచే దరువు వేరు, చావుకు దంచే దరువు వేరు. ఏ బట్టలు కట్టుకుని బయల్దేరాలో వీధి చివర ఉన్నవాళ్ళకు ఆ చప్పుడే చెప్పేసేది.

మా వైపు కాఫీ పోసిచ్చే చిన్న గిన్నెకు నోరుంటుంది. ఏదైనా అడగడానికి ఒక ఇంటికి వెళ్ళిన పెద్దమనిషి, చేతికిచ్చిన కాఫీ తాగకుండా గిన్నె కింద పెడతాడు. అంతే, ఇంకో మాట అనక్కర్లేదు. ఇంటాయన "తాగండి, మీరొచ్చిన పని అయిపోయినట్టే" అనేదాకా గిన్నె అక్కడే ఉంటుంది. అది చల్లారిపోతే ఆ ఇంటికి తలవంపులు. నా పెళ్ళి మాటలకు వెళ్ళినప్పుడు మా బాబాయి పెట్టిన గిన్నె వైపు మామగారు ఎంతసేపు చూశారంటే, అందులో పడిన ఈగ ఈత నేర్చుకుని అవతలి అంచుకు చేరింది. ఆ తర్వాతే "తాగండి" అన్నారు.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. చావు జరిగిన ఇంట్లో గిన్నె కింద పెట్టకూడదు. ఏడుస్తున్న మనిషిని ఏదీ అడగకూడదు. అక్కడ పోసిన చేదు కాఫీ ఒక్క గుక్కలో తాగి, గిన్నె చేతికిచ్చేసి, "దేవుడు మీకు ఓర్పునివ్వాలి" అని లేచి రావాలి.

సలీబా తమ్ముడు నిమర్. లారీ తోలేవాడు. లోయలో పండిన టమాటాలు ఎడారి దాటించి అవతలి దేశంలో దించి వచ్చేవాడు. ఆ దేశం పేరెందుకులెండి, ఇప్పుడు మనకూ వాళ్ళకూ మాటలున్నాయి. అప్పట్లో మాత్రం రెండు ప్రభుత్వాలూ ఏదో విషయంలో పోట్లాడుకున్నాయి. ఎవరు ఎవర్ని ఏమన్నారో మాకు ఈరోజుకీ తెలియదు. సరిహద్దు గేటు మూతపడింది. పడినప్పుడు నిమర్ అవతల ఉన్నాడు.

మిగతా లారీలవాళ్ళు బళ్ళు వదిలేసి ఎడారిలో నడుచుకుంటూ వచ్చారు. నిమర్‌ను జీపెక్కించి తీసుకుపోయారని వాళ్ళే చెప్పారు. "టమాటాల కింద ఏం దాచావురా?" అని అడిగారట. "ఇంకొన్ని టమాటాలు" అన్నాడట మావాడు. వాడికి ఎక్కడైనా నవ్వించడం అలవాటు. ఆ ఆఫీసరుకు నవ్వు రాలేదు.

తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు. ఏళ్ళు గడిచాయి. బంధువులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, "ఇక ఆశ ఎందుకమ్మా, మూడు రోజులు కాఫీ పోయించి వాడి ఆత్మను సాగనంపండి" అని తల్లితో చెప్పడం మొదలుపెట్టారు. ఊరంతా ఆవిడను పెద్దకొడుకు పేరు మీదే ఉమ్ సలీబా, అంటే సలీబా అమ్మ, అని పిలిచేది. ఒకసారి నా ముందే మేనల్లుడు ఈ మాట ఎత్తాడు.

"నువ్వు చూశావురా వాడు పోవడం?" అంది.

"చూళ్ళేదత్తా, కానీ ఇన్నేళ్ళయ్యాక..."

"చూసినవాణ్ణి తీసుకురా. నా ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూసి, నీ కొడుకు పోయాడమ్మా అని చెప్పాలి వాడు. అప్పుడు దంచుతాడు నా పెద్దోడు. అందాకా ఈ ఇంట్లో ఎవడైనా ఏడుపు దరువు ఎత్తాడా, ఆ రోకలితో వాడి బుర్రే దంచుతా."

మేనల్లుడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సలీబా మూల కూర్చుని గింజలు ఏరుతూ ఉన్నాడు. ఊళ్ళో అందరి చావులకూ దంచిన మనిషి, సొంత ఇంట్లో రోలు కనపడకుండా గోనె కప్పి ఉంచేవాడు.

ఆ చలికాలం చివర్లో అవతలి దేశంలో భూమి కంపించింది. రాతి ఇళ్ళ పట్టణం ఒకటి తెల్లారేసరికి నేలమట్టమైంది. మా ప్రభుత్వం వెంటనే గుడారాల ఆసుపత్రి పంపుతున్నామని ప్రకటించింది. డాక్టర్లు, నర్సులు, రొట్టెల పొయ్యిలు, దుప్పట్లు. దుప్పటి కంటే దాని మీది జెండా పెద్దది. మంగలి షాపులో దాని గురించే మాటలు.

"జాలి ఉంది, కాదనను. కానీ ఆ జాలి వెనకాల విదేశాంగ శాఖ కూడా లారీ ఎక్కుతోంది" అన్నాడు మంగలి, నా గడ్డం మీద కత్తి పెట్టి. ఆ సమయంలో నేను ఎవరి మాటకూ ఎదురు చెప్పను.

"ఎక్కితే ఎక్కనీ. దెబ్బ తగిలినవాడికి కట్టు కడతారుగా?" అన్నాడు పక్క కుర్చీ ఆయన.

"కడతారు. కట్టి, గేటు తెరవమంటారు."

సలీబా ఆ మాటలు వింటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. మర్నాడు బంధువొకణ్ణి పట్టుకుని, ఆ ఆసుపత్రి వంటబృందంలో కాఫీవాడిగా చేరిపోయాడు. మా సైన్యం ఎక్కడికెళ్ళినా కాఫీ లేకుండా వెళ్ళదు. తల్లి రోలు మీది గోనె తనే తీసి, తుడిచి, లారీలోకి ఎక్కించింది. "వెతుకు" అంది. అంతే.

బృందానికి పెద్ద కర్నల్ ఖల్దూన్ అనే డాక్టరు. సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉండేవాడు. బయల్దేరేముందు సలీబాను పక్కకు పిలిచాడు.

"నీ తమ్ముడి సంగతి నాకు చెప్పారు."

"అవును సార్."

"అక్కడ ఖైదీల గురించి మనవాళ్ళెవరూ నోరెత్తకూడదు. ఆ మాటలు పెద్దవాళ్ళు మాట్లాడుకుంటారు, టైము చూసి. నువ్వు తొందరపడి ఒక్క మాట జారావంటే వాళ్ళు గేటు మళ్ళీ మూసేస్తారు. రాళ్ళ కింద మనుషులున్నారు సలీబా, మనల్ని లోపలికి రానివ్వాలి కదా. మాటివ్వు."

"నోరు విప్పను సార్."

"నీ తల్లి మీద ఒట్టా?"

"మా అమ్మ మీద ఒట్టు."

కర్నల్ చెడ్డవాడని అనుకోకండి. ఆ మాట అడగడం ఆయనకూ చేదుగానే ఉండింది. సలీబాయే చెప్పాడు నాకు.

సరిహద్దు గేటు ఎత్తారు. లారీలు ఒక్కొక్కటే దాటాయి. నిమర్ జీపెక్కిన చోటు అదే. సలీబా కిటికీలోంచి చూశాడు. రోడ్డు పక్కన పాత లారీలు తుప్పు పట్టి వరసగా ఉన్నాయి. వాటిలో తమ్ముడిది ఏదో పోల్చుకోలేకపోయాడు. అన్నీ ఒకే రంగులోకి దిగిపోయాయి.

పట్టణం చేరాక గుడారాలు లేపారు. సలీబా నిప్పు రాజేసి, గింజలు వేయించి, రోలు ముందు కూర్చున్నాడు. రోకలి ఎత్తి ఆగిపోయాడు. ఏ దరువు వేయాలి? డాక్టర్లకు పోసే కాఫీకి దరువు అక్కర్లేదు, ఊరికే దంచితే సరిపోతుంది. కానీ చుట్టూ ఊరు చూసి ఊరికే దంచలేకపోయాడు. చావు దరువు ఎత్తాడు. కాసేపటికి రాళ్ళ మధ్య నుంచి మనుషులు లేచి రావడం మొదలైంది. మట్టి కొట్టుకుపోయిన మొహాలతో వచ్చి, పిలవకుండానే వరసగా కూర్చున్నారు. వాళ్ళదీ అదే ఎడారి, అదే దరువు. తవ్వకం మొదలైన దగ్గర్నుంచి వాళ్ళు కూర్చోవడం అదే మొదటిసారట. కర్నల్ గుడారంలోంచి బయటికొచ్చి చూసి, టోపీ తీసి లోపలికి వెళ్ళాడు.

ఆ వచ్చినవాళ్ళలో షేక్ హవాస్ ఒకరు. ఆ పట్టణానికి పెద్ద. భార్య, ఇద్దరు కొడుకులు, వాళ్ళ పిల్లలు అంతా ఒకే కప్పు కింద పోయారు. చేతులతో తవ్వి తవ్వి గోళ్ళు పోయాయి, వేళ్ళకు మా నర్సులు కట్లు కట్టారు. ఆయన రోజూ వచ్చి సలీబా నిప్పు దగ్గర కూర్చునేవాడు. మాటలు తక్కువ. ఒకరోజు మాత్రం ఎదురుగా పోతున్న ఒక పిల్లవాణ్ణి చూసి పెదవి కదిలింది. వాళ్ళమ్మ మావాళ్ళు పంచిన పిండిసంచీ కత్తిరించి వాడికి లాగు కుట్టింది. మా జెండా సరిగ్గా కూర్చునే చోట వచ్చింది.

"మీ రాయబారి చూస్తే ఏమంటాడో" అన్నాడు షేక్.

"జెండా రెపరెపలాడుతోందిగా బాబాయ్, సంతోషిస్తాడు" అన్నాడు సలీబా.

ముసలాయన నవ్వబోయి, నవ్వినందుకు సిగ్గుపడినట్టు తల దించుకున్నాడు.

సలీబా ఒట్టు తప్పలేదు. కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ప్రతి పోలీసు మొహంలోకీ చూసేవాడు కానీ అడిగేవాడు కాదు. అయితే మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. నోరు విప్పనన్నాడు కానీ, గిన్నె కింద పెట్టనని ఎవరికీ చెప్పలేదు. బృందం వెళ్ళిపోయేముందు ఆ ఊరివాళ్ళు తప్పకుండా కాఫీ పోస్తారు. అప్పుడు కింద పెడతాడు. అన్నం పెట్టిన చేతికి, కట్టు కట్టిన చేతికి ఎవరు కాదనగలరు? షేక్ మాట గవర్నరు దాకా పోతుంది. రాజధానుల్లో కోట్లు వేసుకున్నవాళ్ళు చేసేదీ ఇదేగా, పెద్ద గిన్నెలతో.

ఆ రోజు రానే వచ్చింది. షేక్ హవాస్ అందర్నీ పిలిచాడు. ఇల్లు లేదు కాబట్టి మావాళ్ళిచ్చిన గుడారంలోనే, మావాళ్ళిచ్చిన దుప్పట్లు పరిచి, వాళ్ళకే మర్యాద చేశాడు. కాఫీ మాత్రం ఆయనదే. శిథిలాల్లో దొరికిన సొట్టబోయిన కూజా పట్టుకుని, ఇంట్లో మగదిక్కు ఇంకెవరూ లేరు కనక తనే లేచి పోశాడు. కర్నల్ తాగాడు. డాక్టర్లు తాగారు. వరస చివర సలీబా.

గిన్నె అందుకున్నాడు. చెయ్యి కిందికి దించాడు. దుప్పటికి జానెడు ఎత్తులో ఉన్నప్పుడు, కూజా పట్టుకున్న ముసలాయన వేళ్ళు కనబడ్డాయి. కట్ల కింద గోళ్ళు లేని వేళ్ళు. గుడారం వెనక వరసగా కొత్త సమాధులు. తను కూర్చున్నది చావింట్లో. ఇక్కడ అడగడమంటే, కప్పిన దుప్పటికి, పెట్టిన రొట్టెకు బదులు రాబట్టుకోవడమే.

చెయ్యి పైకెత్తి, ఒక్క గుక్కలో తాగేసి, గిన్నె ముసలాయన చేతికిచ్చేశాడు. "దేవుడు నీకు ఓర్పునివ్వాలి బాబాయ్" అన్నాడు. ఆ కాఫీ గొంతులో దిగినంత కష్టంగా ఏదీ దిగలేదని నాతో చాలాసార్లు అన్నాడు.

మర్నాడు ఉదయం గుడారాలు విప్పుతున్నారు. సలీబా ఆఖరి కూజా కాఫీ కాస్తుంటే షేక్ వచ్చి కూర్చున్నాడు. సలీబా పోసిచ్చాడు. ముసలాయన తాగలేదు. నింపాదిగా గిన్నె ఇసుకలో పెట్టాడు.

సలీబా బిత్తరపోయాడు. "ఇదేంటి బాబాయ్?"

"నిన్న నీ చెయ్యి సగం దాకా దిగి ఆగింది. నేను ముసలాణ్ణే కానీ గుడ్డివాణ్ణి కాదు."

"చెయ్యి వణికిందంతే."

"గింజ చిందకుండా రోజంతా దంచేవాడి చెయ్యా? చావిల్లని ఆగావు. మంచిదే. కానీ ఇది నీ నిప్పు, నీ కూజా. నీ ఇంట్లో చావేమీ జరగలేదుగా? అందుకని ఇక్కడ నేను పెడుతున్నా. నువ్వేం అడగాలనుకున్నావో చెప్పు. చెప్పేదాకా తాగను."

 చెప్తే తల్లి మీద వేసిన ఒట్టు పోతుంది. చెప్పకపోతే అతిథి గిన్నె చల్లారుతుంది, అదీ ఇలాంటి అతిథి. కాఫీ మీద ఆవిరి తగ్గడం చూసి సలీబా పరిగెత్తుకుంటూ కర్నల్ గుడారానికి వెళ్ళాడు.

కర్నల్ సగం గడ్డం గీసుకుని ఉన్నాడు. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

"లేదు సార్. షేక్ నా దగ్గర గిన్నె కింద పెట్టాడు."

"నీ దగ్గరా? ఏమని?"

"నా మనసులో ఉన్నది చెప్పమని. నేను మీకిచ్చిన మాట ఉంది. మీరే ఏదో ఒకటి చెప్పండి. కాఫీ చల్లారిపోతోంది."

కర్నల్ చేతిలో కత్తి కింద పెట్టాడు. రాజధాని నుంచి ఆయనకు రోజూ ఫోను వచ్చేది. గేటు శాశ్వతంగా తెరిచే ఒప్పందం ఇంకో వారంలో కుదరబోతోంది. ఏదీ కదిలించొద్దని ఆ ఉదయమే మళ్ళీ చెప్పారు. సలీబా చెప్పినదాన్ని బట్టి, ఆయన తువ్వాలుతో ఒక చెంప తుడుచుకుని, రెండో చెంప మీద సబ్బు నురుగు అలాగే ఉండగా, చకచకా నడిచి నిప్పు దగ్గరికొచ్చి ఇసుకలో కూర్చున్నాడు.

"ఇతను నోరు విప్పనని నాకు మాటిచ్చాడు షేక్. ఆ మాట తీసుకున్నది నేను. అందుకని నేను చెప్తాను. ఇతని తమ్ముడు నిమర్, లారీ డ్రైవరు, మీవాళ్ళ దగ్గర ఉన్నాడు. గేటు పడిన రోజునుంచి కబురు లేదు. బతికున్నాడో లేదో చెప్పమని తల్లి అడుగుతోంది. అంతే, ఇంకేం లేదు."

షేక్ గిన్నె ఎత్తి తాగాడు. "మీరొచ్చిన పని అయిపోయింది అనుకోండి" అన్నాడు. తర్వాత కర్నల్ చెంప వైపు చూసి, "రెండో వైపు కూడా గీసుకో డాక్టర్, కెమెరాలవాళ్ళు వస్తారట" అన్నాడు.

వారం తర్వాత గేటు తెరిచే సభ టీవీలో వేశారు. మాదబాలో కాఫీ దుకాణం నిండిపోయింది. అవతలి గవర్నరు గారి దివాణం, ఎర్ర తివాచీ, రెండు జెండాలు, మా మంత్రి నవ్వు, వాళ్ళ మంత్రి నవ్వు. దుఃఖంలో చెయ్యందించిన సోదర దేశం అని ఎవరో చదువుతున్నారు. అంతలో దుకాణంలో మాటలు ఆగిపోయాయి. తెర ఓ మూల కట్లు కట్టిన ముసలి చెయ్యి, ఆ చెయ్యి ముందు తివాచీ మీద నిండు గిన్నె. గవర్నరు నవ్వుతూనే ఉన్నాడు కానీ కళ్ళు మాటిమాటికీ ఆ గిన్నె మీదికి పోతున్నాయి. ఎంతసేపటికో వంగి ఏదో అన్నాడు. చెయ్యి గిన్నె ఎత్తింది. మర్నాడు పేపర్లలో ఒప్పందం గురించి పేజీలు పేజీలు రాశారు. గిన్నె గురించి ఒక్క అక్షరం లేదు.

వసంతంలో షేక్ హవాస్ మాదబా వచ్చాడు. తెరిచిన గేటు దాటి ఒక్కడే వచ్చాడు. నేను ఆ పూట వాళ్ళింట్లోనే ఉన్నాను. సలీబా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు, మొహం చూసి చెయ్యి వదిలేశాడు. ముసలాయన తిన్నగా ఉమ్ సలీబా దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆవిడ మొహంలోకి చూశాడు.

"అక్కా, నీ కొడుకు పోయాడు."

"ఎప్పుడు?" అంది ఆవిడ.

"పట్టుకున్న రెండో చలికాలం. ఊపిరితిత్తుల జబ్బు. సమాధి చూసి వచ్చాను. మీ చర్చి ప్రార్థన నాకు రాదు. నాకొచ్చింది చదివాను."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఒకడున్నాడు, అదే గదిలో. వాణ్ణి వెతికి పట్టుకున్నా. చివరిదాకా అందర్నీ నవ్వించాడని చెప్పాడు."

"నవ్విస్తాడు" అంది ఆవిడ. "చిన్నప్పటినుంచీ అంతే." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత పెద్దకొడుకు వైపు చూసి, "దంచరా" అంది.

సలీబా గోనె తీశాడు. ఊళ్ళో అందరికీ ఎత్తిన దరువు తమ్ముడికి ఎత్తాడు. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. రెండోది పడింది. వీధిలో తలుపులు తెరుచుకోవడం వినబడింది. సాయంత్రానికి ఊరంతా ఆ ఇంటి ముందుంది. తర్వాతి రోజుల్లో రెండు ప్రభుత్వాలూ పూలదండలు పంపాయి. ఎవరి జెండా రిబ్బను వాళ్ళు కట్టి మరీ. వాటిని ఉమ్ సలీబా గోడకు ఆనించమంది, అంతకు మించి చూడలేదు.

మొదటి గిన్నె షేక్‌కి ఇచ్చాడు సలీబా. ముసలాయన దాన్ని పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"పని అయిపోయింది అని మాటిచ్చాను అక్కా. తాగేశాను కూడా. కొడుకును తేలేకపోయాను. ఈ ఇంట్లో కాఫీ తాగే మొహం నాకు లేదు."

ఉమ్ సలీబా ముందుకు వంగి, గోళ్ళు లేని ఆ వేళ్ళ మీద చెయ్యి వేసింది.

"నేను కొడుకును తెమ్మని ఎవర్నీ అడగలేదు తమ్ముడూ. ఎదురుగా కూర్చుని చెప్పేవాణ్ణి పంపమన్నాను. నీ ఇల్లంతా మట్టిలో పెట్టి నా ఇంటికొచ్చి చెప్పావు. తాగు."

షేక్ హవాస్ ఒక్క గుక్కలో తాగాడు. గిన్నె కింద పెట్టలేదు, సలీబా చేతికిచ్చాడు.